ప్రకాశం బజార్ గల్లీల ఆపా షాపు: బుర్ఖాలు, స్కార్ఫులు, మా బిడ్డ నీట్ పరీక్ష

నల్లగొండల బుర్ఖాలు, స్కార్ఫులు ఎక్కడ మంచిగ దొరుకుతయ్, కొలతలు తీస్కొని కుట్టేటోళ్ళు ఎవరున్నరు అని మా స్కూల్ల తోటి టీచర్లు, చుట్టాలు, మా బిడ్డ దోస్తుల అమ్మలు మస్తు మంది అడుగుతుండ్రు. ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పుడు అయితలేదు, అందుకే ఇక్కడ రాసి పెడుతున్న. పొడుగైతది, ఏమనుకోవద్దు. బట్ట గురించి చెప్పాల్నంటే మా పెద్దబిడ్డ సంగతి చెప్పాలె, ఆమె సంగతి చెప్పాల్నంటే ఆ గేటు కాడ జరిగింది చెప్పాలె, అన్నీ ఒకదానికొకటి అల్లుకొని ఉన్నయ్.

ముందు షాపు. ప్రకాశం బజార్ మెయిన్ రోడ్డు మీద లేదు, లోపలి గల్లీల ఇంటి ముందర రూమునే షాపు చేసుకున్నది. బోర్డు లేదు, ఆకుపచ్చ తలుపు, దానికి సగం దాక పర్దా, అంతే గుర్తు. ఆ గల్లీల ఎవర్ని అడిగినా ఆపా (అంటే అక్క) షాపు అని చూపిస్తరు. ఆపాకు యాభై దాటినయ్, భర్త పోయినంక ఈ మిషను మీదనే ముగ్గురు పిల్లల్ని చదివిచ్చింది. పేరు రాయొద్దు, ఫోన్ నంబరు పెట్టొద్దు అన్నది, పెట్టను. లోపల రెండు కుట్టుమిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను, ఒక పొడుగు అద్దం, గోడ పొంటి రాడ్లకు తయారైన బుర్ఖాలు. అన్నీ నల్లవే ఉంటయనుకున్న, కానీ బూడిద రంగు, ముదురు నీలం, కాఫీ రంగు, మెహందీ రంగు, మస్తున్నయ్. ఆపా మెడల టేపు ఎప్పుడూ వేలాడుతనే ఉంటది, నోట్ల రెండు గుండుసూదులు పెట్టుకొని మాట్లాడుతది, మొదటిసారి పోయినోళ్ళకు సగం మాటలు అర్థం కావు.

నాకు ఈ షాపు మీద గురి ఎందుకు కుదిరిందంటే, ఆమె దగ్గర ఒక పట్టింపు ఉన్నది. వేసుకునే మనిషి రాకుంటే అమ్మదు. నేను పోయిన మొదటి రోజే చూసిన, ఒక పెద్దామె వచ్చి కోడలికి బుర్ఖా కావాలె, ముఖం మీదికి రెండు పొరల నఖాబ్ ఉండాలె, కొలతలు నేనే చెప్త అన్నది. ఆపా మిషను ఆపి నోట్లకెల్లి గుండుసూదులు తీసి, "కోడల్ని తీస్కరా అమ్మా, ఆమె ఏం అంటదో విందం, ఊపిరి తీసుకునేది ఆమె గద" అన్నది. పెద్దామెకు కోపమొచ్చింది, బజార్ల యాభై షాపులున్నయ్ అనుకుంట పోయింది. పదిహేను వందల బేరం పోయింది, ఆపా మల్ల మిషను తొక్కుడు మొదలుపెట్టింది. నేను నిలబడి చూస్తున్న, నా పెండ్లైన కొత్తల నన్ను ఎవరన్న గిట్ల అడిగినరా అని నా మనసుకు ఎట్లనో అయింది.

నా సంగతి కూడా చెప్త. మాది దూదేకులోళ్ళ ఇల్లు, దేవరకొండ దిక్కు పల్లె, ఇంట్ల తెలుగే మాట్లాడుతం. మా అమ్మ జన్మల బుర్ఖా వేసుకోలే. పత్తి ఏరనీకి పోయినా, సంతకు పోయినా, దర్గాకు పోయినా చీర కొంగు తల మీదికి గుంజుకునేది, కొస పండ్లతోని పట్టుకునేది, అంతే ఆమె పర్దా. ఐదు పూటలు నమాజు ఎన్నడూ తప్పలే. నేను పెండ్లై నల్లగొండకు వచ్చినంక అత్తమ్మ మొదటి వారమే నల్ల బుర్ఖా ఒకటి చేతిల పెట్టింది. వేసుకుంటవా అని అడగలే, వేసుకో అన్నది. రెండేండ్లు అది నా ఒంటి మీద బరువు లెక్కనే ఉండె, బస్టాండ్ల నిలబడితే నేను నేను కానట్టు అనిపించేది. తర్వాత తర్వాత అలవాటైంది, టీచర్ ఉద్యోగం వచ్చినంక పొద్దుగాల బస్సుల పోయేటప్పుడు అదే నాకు ధైర్యం అయింది, ఇప్పుడు అది లేకుంటే గడప దాటను. ఇప్పుడు ఎవరన్న వచ్చి తీసెయ్ అంటే నేను ఊకోను. కానీ ఆ మొదటి రెండేండ్లు నేను మర్చిపోలేదు, ఆ పని నా బిడ్డలకు చెయ్యొద్దు అని గప్పుడే అనుకున్న.

అందుకే మా పెద్దదాన్ని నేను ఎన్నడూ బలవంతం చెయ్యలే. తొమ్మిదో తరగతిల తనే ఒక రోజు స్కార్ఫ్ కట్టుకొని బడికి పోత అన్నది. ఎందుకు బిడ్డా అంటే నాకు మంచిగ అనిపిస్తుంది మమ్మీ అన్నది, ఇగ నేను ఇంకేం అడగలే.

అదే ఏడాది అటూఇటుగ కర్ణాటకల క్లాసుల్ల హిజాబ్ (తల గుడ్డ) వద్దని లొల్లి నడిచింది, టీవీల రోజూ అదే. ఉడుపిల సర్కారు పీయూ (ఇంటర్) కాలేజీ ఆడపిల్లలు గేటు బయట నిలబడి ఏడుసుడు, 2022 ఫిబ్రవరి 5న సర్కారు ఆర్డర్ వచ్చుడు, మార్చి 15న హైకోర్టు ఆ ఆర్డర్ కరెక్టే అనుడు, అన్నీ మా బిడ్డ చూసింది. నేను సోషల్ చెప్త కాబట్టి నన్ను అడిగేది, మమ్మీ మన దగ్గర కూడా గట్ల చేస్తరా, నేను డాక్టర్ కావాల్నంటే స్కార్ఫ్ తీసెయ్యాల్నా అని. అక్టోబర్ 13న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు ఇద్దరం కూసొని చూసినం. ఇద్దరు జడ్జీలు రెండు దిక్కుల చెప్పిండ్రు, జస్టిస్ హేమంత్ గుప్తా సర్కారు ఆర్డర్ తప్పు లేదన్నరు, జస్టిస్ సుధాంశు ధూలియా ఇది ఆ పిల్ల ఇష్టానికి సంబంధించింది, ఆడపిల్ల చదువే ముఖ్యం అన్నరు, పెద్ద బెంచికి పంపాలన్నరు. మా బిడ్డ ఆ రెండో జడ్జి పేరు నోట్‌బుక్ వెనక రాసి పెట్టుకున్నది. పద్నాలుగేండ్ల పిల్ల రాత్రి పండుకునే ముందు కోర్టు గురించి ఆలోచిస్తదా? మా బిడ్డ ఆలోచించింది. ఒంటి మీది గుడ్డ గురించి దేశమంత మాట్లాడుతుంటే ఆ గుడ్డ కట్టుకున్న పిల్ల లోపల ఏమైతదో ఎవ్వరూ అడగరు.

ఇగ గేటు కాడ జరిగింది చెప్త. పోయిన ఏడాది ఒక ఎంట్రెన్స్ పరీక్షకు తీస్కపోయిన, ఏ సెంటరో రాయను. టైంకే పోయినం. గేటు కాడ ఒకాయన స్కార్ఫ్ తియ్ అన్నడు. అక్కడనే, లైన్ల, మగపిల్లల ముందు. ఆడమనిషితోని లోపల చెక్ చేపియ్యుండ్రి సార్, మాకేం అభ్యంతరం లేదు అని నేను గేటు బయటకెల్లి మొత్తుకుంటనే ఉన్న, టైం లేదమ్మా అన్నడు, ఏ కాయితం మీద ఉన్నదో చూపియ్యలే. పిన్నులు తీసుడు తొందర్ల చెవి దగ్గర గీసుకున్నది, రెండు వెంట్రుకలు పిన్నుతోనే వచ్చినయ్. స్కార్ఫ్ తీస్కపోయి బ్యాగుల కుప్ప మీద పడేసిండ్రు. మూడు గంటలు నా బిడ్డ చున్నీ లేకుంట జుట్టు ముందటికి వేసుకొని కూసొని రాసింది. బయటికి వచ్చినంక ఏడ్వలే, అదే నాకు భయమైంది. స్కార్ఫ్ మడత పెట్టి బ్యాగుల పెట్టుకున్నది, బస్సుల కిటికీ దిక్కు చూసుకుంట కూసున్నది. రెండు రోజులు సరిగ తినలే. మూడో రోజు, మమ్మీ నేను నీట్ రాయను, బీఎస్సీ చేస్త అన్నది. రెండేండ్ల కోచింగ్, వాళ్ళ నాయిన తీసిన అప్పు, పొద్దుగాల నాలుగు గంటలకు లేసి చదివిన చదువు, అన్నీ ఆ గేటు కాడనే పడిపోయినయ్.

మా తోటి టీచర్ ఒకామె, ఆమె హిందువే, ఆమె నన్ను ఆపా దగ్గరికి తీస్కపోయింది. వాళ్ళ పక్కింటి పిల్లకు ఆపా పరీక్ష స్కార్ఫ్ కుట్టిచ్చిందంట.

ఆపా మా బిడ్డను కూసోబెట్టి, నన్ను బయట కూసొమ్మన్నది. పావుగంట ఏం మాట్లాడిండ్రో నాకు తెల్వదు. లోపలికి పిలిచేసరికి మా బిడ్డ అద్దం ముందర నిలబడ్డది, ఆపా ఆమె తల చుట్టు టేపు పట్టుకొని కొలుస్తుంది. "చెల్లె, ఈ పిల్ల కట్టుకుంట అంటుంది, పరీక్ష రాస్త అంటుంది, రెండూ అయితయ్, పిన్ను లేకుంట కుడుదం" అన్నది. అంతే. నేను అక్కడనే స్టూలు మీద కూలబడ్డ.

ఇప్పుడు ఆ స్కార్ఫ్ సంగతి, ఆడపిల్లలున్న తల్లులు ఇది జాగ్రత్తగ చదువుండ్రి. మామూలుగ మనోళ్ళు రెండు మీటర్ల జార్జెట్ చుట్టి గదవ కింద ఒక పిన్ను, నెత్తి పక్కన ఒక పిన్ను, భుజం మీద ఒక పిన్ను పెడుతరు. జార్జెట్ జారుతది కాబట్టే గన్ని పిన్నులు. పరీక్ష గేటు కాడ మెటల్ డిటెక్టర్ కూతపెట్టేది గా పిన్నులకే. ఆపా ఏం చేసిందంటే టీషర్టు బట్ట లెక్క సాగే కాటన్ జెర్సీ తీసుకొని రెండు ముక్కల స్కార్ఫ్ కుట్టింది. లోపల టోపీ, దాని వెనక సగమే ఎలాస్టిక్, ముందర నుదురు మీద ఎలాస్టిక్ లేదు, ఉంటే మూడు గంటలకు తలనొప్పి లేస్తది అన్నది. పైన గొట్టం లెక్క తల దూర్చుకునే స్కార్ఫ్, గదవ కింద కుట్టే ఉంటది, పిన్ను పనే లేదు. చెవుల దగ్గర పొర ఒకటే, పక్కకు లేపి చూపియ్యనీకి వస్తది, తనిఖీ చేసే మేడం చెవుల ఏమన్న పెట్టుకున్నరా అని చూడాలె గద, మొత్తం తీసుడు అవసరం లేకుంట రెండు సెకండ్ల చూపియ్యచ్చు. టిచ్ బటన్ కూడా పెట్టలే, అది కూడా లోహమే అని. జేబులు లేవు, డిజైన్ లేదు, రాళ్ళు లేవు, లేత బూడిద రంగు. టోపీకి 60, స్కార్ఫుకు 220 తీసుకున్నది. రెండు జతలు కుట్టిచ్చిన.

అంగీ గురించి కూడా అడిగింది. నీట్‌కు పొడుగు చేతులు వద్దు, బూట్లు వద్దు, చెప్పులే వేసుకోవాలె అని రూల్స్ ఉంటయ్ గద. కానీ నీట్ పెట్టే సంస్థ ఎన్టీఏ ఇచ్చే అదే కాయితంల ఇంకో మాట కూడా ఉంటది, మస్తు మంది చదవరు. ఆచారం ప్రకారం బట్టలు వేసుకొని వచ్చేటోళ్ళు ముందుగాల రావాలె, తనిఖీకి టైం పడుతది కాబట్టి. గేటు ఒకటిన్నరకు మూస్తే వీళ్ళు పన్నెండున్నరకే ఉండాలె. ఆడపిల్లల తనిఖీ ఆడోళ్ళే చెయ్యాలె, నాలుగు దిక్కుల మూసిన జాగల చెయ్యాలె అని కూడా రాసి ఉంటది. ఆపా ఆ పేజీ జిరాక్స్ తీపిచ్చి గోడకు అంటించింది, అడిగినోళ్ళకు ఒక కాపీ ఇస్తది. బట్టల షాపుల గోడకు రూల్స్ కాయితం నేను ఎక్కడా చూడలే. 2016ల కేరళ హైకోర్టు కూడా మెడికల్ ఎంట్రెన్స్ రాసే పిల్లల విషయంల గిదే చెప్పింది, అరగంట ముందు రావాలె, తనిఖీకి ఒప్పుకోవాలె, తల గుడ్డ, పొడుగు చేతులతోని రాయచ్చు అని. అంటే దారి ఎప్పటికెల్లో ఉన్నది, గేటు కాడ నిలబడేటోళ్ళకు చెప్పేటోళ్ళు లేరు, మనకు తెల్వదు.

ఆపా ఇంకో పని చేపిచ్చింది. షాపులనే మా బిడ్డతోని నాలుగైదు సార్లు స్కార్ఫ్ వేపిచ్చి తీపిచ్చింది, తనే తనిఖీ మేడం లెక్క నిలబడి, "చూపియ్ బేటా, ఎడమ చెవి, కుడి చెవి, మెడ వెనక" అనుకుంట. మొదటిసారి మా బిడ్డ చేతులు వణికినయ్. మూడోసారికి నవ్వింది. ఆ గేటు కాడి రోజు తర్వాత అదే మొదటి నవ్వు.

పరీక్ష రోజు ఆదివారం, మే నెల, మన నల్లగొండ ఎండ సంగతి చెప్పాల్నా, రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటుంది. పన్నెండింటికే పోయినం. మా బిడ్డ చేతిల ఆ జిరాక్స్ కాయితం మడత పెట్టుకొని పట్టుకున్నది, నేను గేటు బయట దువా చదువుకుంట నిలబడ్డ. లోపల పర్దా కట్టిన జాగల ఒక మేడం చూసిందంట, చెవులు చూసింది, మెడ వెనక చెయ్యి పెట్టి చూసింది, పో బిడ్డా మంచిగ రాయి అన్నదంట. నిమిషం కూడా పట్టలేదంట. కాయితం తియ్యాల్సిన పనే పడలే. సాయంత్రం బయటికి వచ్చి ఫిజిక్స్ కష్టంగ వచ్చింది మమ్మీ అన్నది. నాకు ఆ మాట ఎంత సంతోషమైందో చెప్పలేను. పిల్ల బాధ ఫిజిక్స్ గురించే ఉన్నది.

బట్టల గురించి ఆపా దగ్గర నేర్చుకున్నది కొంచెం రాస్త, ఎందుకంటే మనం ఏ షాపుకు పోయినా నిదా, ఫిర్దౌస్, జూమ్ అని బట్టల పేర్లు చెప్పి అంటగడుతరు. నిదా మెత్తగ ఉంటది, ముడతలు పడది, మంచిగ జారుతది, కానీ అది పాలిస్టరే, చెమట పీల్చదు. పెండ్లికి, రెండు గంటల పనికి బాగుంటది. రోజూ బస్సుల పోయేటోళ్ళకు, పొద్దంత నిలబడి పని చేసేటోళ్ళకు రేయాన్ గాని కాటన్ కలిసింది గాని తీసుకోమంటది, ముడతలు పడుతయ్ కానీ ఒంటికి గాలి తగులుతది. రంగు కంటే గేర్ (కింద చుట్టు వెడల్పు) ముఖ్యం అంటది, ఒంటికి అతుక్కునేటట్టు వద్దు, కింద గాలి ఆడాలె. ఈ మాట నాకు మస్తు నచ్చింది, ఎందుకంటే 1980ల నేచర్ పత్రికల ఎడారిల బెడూయిన్లు నల్ల బట్టలు ఎందుకు వేసుకుంటరు అని సైంటిస్టులు కొలిచి చూసిన సంగతి నేను చదివిన. నల్ల బట్ట ఎండను ఎక్కువ గుంజుతది నిజమే, కానీ వదులుగ ఉంటే ఆ వేడి లోపలి గాలితోని బయటికి పోతది, ఒంటికి తగిలే వేడి తెల్ల బట్టకు నల్ల బట్టకు ఒక్కటే లెక్క వచ్చింది. ఆపాకు ఆ పత్రిక తెల్వదు, ముప్పై ఏండ్ల మిషను పనిల ఆమెకే తెలిసింది.

జుట్టు గురించి కూడా. టైట్‌గ టోపీ పెట్టి, లోపల జుట్టు గుంజి పైకి ముడేసి, దాని మీద స్కార్ఫ్ బిగించి రోజుకు పది గంటలు ఉంటే నుదురు దగ్గర జుట్టు ఊడిపోతది, ఇది నా తలకే అయింది, చర్మం డాక్టర్ కూడా గదే చెప్పింది, గుంజుడు వల్ల అని. ఆపా తడి జుట్టు మీద కట్టొద్దు, జడ కిందికి వేసుకొని కట్టుకో, ఇంటికి రాంగనే తీసి గాలి తగలనియ్ అంటది. ఎండ తగలక విటమిన్ డి తక్కువై మోకాళ్ళు నొస్తున్నయని మా వాడల మస్తు మంది ఆడోళ్ళు గోలీలు మింగుతుండ్రు, విటమిన్ డి బుర్ఖా వేసుకోనోళ్ళకు కూడా తక్కువనే ఉంటుంది మన దేశంల, కానీ నిండ కప్పుకునేటోళ్ళు ఇంకా జాగ్రత్త పడాలె. మేడ మీద, ఎవరూ చూడని జాగల, చేతులు కాళ్ళు ఎండకు పెట్టి కొంచెంసేపు కూసోవాలె. ఇందుల సిగ్గేం లేదు, మతానికి అడ్డం కూడా ఏం లేదు.

మా చిన్నాయిన బిడ్డకు ఆయాసం ఉన్నది. పెండ్లైనంక అత్తగారోళ్ళు ముఖం మీద నఖాబ్ తప్పదన్నరు, ఎండకాలంల ఆమె బస్టాండ్ల కూలబడి ఇన్‌హేలర్ పట్టుకొని కూసున్నది నేను కండ్లార చూసిన. ఆమెను కూడా ఆపా దగ్గరికి తోలుకపోయిన, వాళ్ళ ఆయనను కూడా. ఆపా ఆయనను తిట్టలే. నఖాబ్ తీసి ఆయన చేతికిచ్చి, "నువ్వు కట్టుకొని ఆ గల్లీ చివర దాక పోయి రా బాబూ" అన్నది. ఆయన కట్టుకోలేదు కానీ చేతిల పట్టుకొని మస్తుసేపు ఆ బట్టను చూసిండు. ఇప్పుడు ఆమె స్కార్ఫ్ మాత్రం కట్టుకుంటుంది, ముఖం తెరిచే ఉంటది. వాళ్ళ అత్తకు ఇంకా కోపమే, అది ఉంటనే ఉంటది.

నేను ఇవన్నీ చూసి చూసి ఒక్కటే అనుకుంటున్న, తీసెయ్ అన్నోళ్ళూ వేసుకో అన్నోళ్ళూ ఇద్దరూ ఒక్క తీరే, ఆ పిల్లను అడగరు. ఇరాన్ల 2022 సెప్టెంబర్ల మహ్‌సా అమీని అనే 22 ఏండ్ల పిల్లను హిజాబ్ సరిగ లేదని పట్టుకపోతే పోలీసుల చేతిల ఉండంగనే పాణం పోయింది, 16 తారీఖున. సరిగ్గ అదే ఏడాది కర్ణాటకల ఆడపిల్లలు హిజాబ్ ఉన్నదని గేటు బయట ఉన్నరు. అఫ్ఘనిస్తాన్ల తల నుంచి కాలు దాక కప్పుకున్నా కూడా హైస్కూలుకు పోనిస్తలేరు, 2021 నుంచి. ఫ్రాన్స్‌ల 2004ల సర్కారు బడుల్ల తలగుడ్డ వద్దని చట్టం తెచ్చిండ్రు, దాంతోని పిల్లలకు స్వేచ్ఛ వస్తదన్నరు, 2020ల ఇద్దరు పరిశోధకులు లెక్కలు తీసి చూస్తే ఆ వయసు ముస్లిం ఆడపిల్లలు హైస్కూలు చదువు పూర్తి చేసుడే తగ్గింది. నేను బడిల నలభై మంది పిల్లల ముందు రోజూ నిలబడేదాన్ని, అవమానం పడ్డ పిల్లకు పాఠం ఎక్కదు, ఇది చెప్పనీకి నాకు ఏ లెక్కలూ అవసరం లేదు, మా ఇంట్లనే చూసిన.

ఆపా దగ్గరికి అన్ని రకాలోళ్ళు వస్తరు. ఒక పిల్ల కానిస్టేబుల్‌కు తయారైతుంది, ఎన్జీ కాలేజీ గ్రౌండ్ల పొద్దుగాల 800 మీటర్లు ఉరుకుతది, ఆమెకు మెడ కాడ ఎగరకుంట ఉండే చిన్న స్కార్ఫ్ కుట్టింది, పట్టుకొని చూస్తే చేతిల ఏమీ లేనట్టే ఉన్నది. ఫుట్‌బాల్‌ల ఫిఫా కూడా 2014లనే తల గుడ్డకు ఒప్పుకున్నది. ఇంకో పిల్ల అసలు ఏమీ కట్టుకోదు, ట్రాక్ ప్యాంటు కురచ చేపియ్యనీకి వచ్చింది, ఆపా ఆమెను ఒక్క మాట అనలే. ఆమె వెళ్ళినంక పక్కన కూసున్న ఒకావిడ ఏందో గొణుగుతుంటే ఆపా, మన తెలంగాణ పిల్లనే గద నిఖత్ జరీన్, షార్ట్స్ వేసుకొని బాక్సింగ్ రింగుల దిగుతది, చుట్టాలు అన్న మాటలకు వాళ్ళ నాయిన ఆగి ఉంటే 2022ల ఆ వరల్డ్ చాంపియన్ మెడలు మన దగ్గరికి వచ్చునా అన్నది. ఇగ ఎవ్వరూ మాట్లాడలే.

షాపుల బాగలేనివి కూడా చెప్పాలె. మొదటిది, ట్రయల్ రూం లేదు, మూలకు పర్దా కడుతరు, లైటు మసక, రంగు సరిగ కనబడదు, గుమ్మం దాక తెచ్చుకొని వెలుతుర్ల చూసుకోండ్రి. రెండోది, నల్ల జెర్సీ టోపీ మొదటి ఉతుకుల రంగు దిగింది, మా బిడ్డ తెల్ల యూనిఫాం కాలర్ పాడైంది. ఆపాకు చూపిస్తే తప్పు ఒప్పుకొని వేరే టోపీ ఇచ్చింది, డబ్బులు తీసుకోలే, కానీ కాలర్ మరక పోలే. నల్లవి ముందుగాల వేరేగ ఉతికినంకనే వాడుండ్రి. మూడోది, టైం. మంగళవారం ఇస్త అంటే శుక్రవారం అనుకోండ్రి, రంజాన్ పండుగ ముందు అసలే పోవద్దు, ఉపాసాల నెల కంటే ముందటి షాబాన్ నెలలనే ఇచ్చి రావాలె, లేకుంటే చాంద్ రాత్ (పండుగ ముందటి రాత్రి) దాక కూసోబెడుతది. లావుగ ఉన్నోళ్ళ సైజులు తయారువి ఉండవు, కుట్టిచ్చుకోవాల్సిందే, దానికి బట్ట కాకుంట 350 తీసుకుంటది, అది నాకు కొంచెం ఎక్కువనే అనిపించింది. బండి పెట్టనీకి జాగ లేదు, మెయిన్ రోడ్డు మీద పెట్టి నడిచి రావాలె. జుమ్మా రోజు (శుక్రవారం) మధ్యాహ్నం మూసి ఉంటది. ఫోన్‌పే ఉన్నది.

ధరలు అడుగుతరు కాబట్టి: తయారు బుర్ఖాలు రేయాన్‌వి 900 నుంచి, నిదావి 1300 నుంచి 1800 దాక, మామూలు స్కార్ఫులు 120, 150. హైదరాబాద్ మదీనా దిక్కు పోతే ఇంకా తక్కువకు వస్తయ్, నిజమే, కానీ రానుపోను ఛార్జీలు, పొద్దంత పోవుడు, పైగా అక్కడ కొలతలు తీస్కొని ఇట్ల కూసొని మాట్లాడేటోళ్ళు ఎవరున్నరు.

మొన్న మల్ల పోయినం, మా చిన్నది కూడా వచ్చింది, ఏడో తరగతి. మా ఆడపడుచు కూడా మాతోని ఉండె, చిన్నదానికి కూడా ఒక స్కార్ఫ్ తీస్కో వదినా, ఇప్పట్నుంచే అలవాటు చెయ్యాలె అన్నది. నేను మాట్లాడకముందే ఆపా వంగి చిన్నదాని ముఖంల ముఖం పెట్టి, "నీకేం కావాలె బేటా?" అని అడిగింది. అది ఆలోచించి, నాకు కుర్తాకు జేబులు కావాలె అన్నది. ఆపా మిగిలిన బూడిద రంగు గుడ్డతోని రెండు దిక్కుల జేబులు పెట్టి కుర్తా కుట్టింది, ఆదివారం తెచ్చుకున్నం. జేబులు లోతుగ ఉన్నయ్, స్కేలు పెట్టినా బయటికి పడుతలేదు.